ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ "మీరు వైశ్యులా?" అని ఎందుకు అడిగారు?

మీ అమ్మగారి ఆపరేషన్‌కు ముందు కులం అడిగారని, అది అవమానంగా అనిపించిందని రాశారు. నేనూ మత్తు డాక్టరునే. ఆ ప్రశ్న నేనూ అడుగుతాను, కాకపోతే కారణం చెప్పి అడుగుతాను. మీకు కారణం చెప్పకపోవడం సరికాదు.

గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతాం. రక్తంలో ఉండే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని త్వరగా విచ్ఛిన్నం చేస్తుంది కాబట్టి మందు ప్రభావం సాధారణంగా పది నిమిషాల్లో పోతుంది. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు పేరు బీసీహెచ్ఈ. కొందరు ఆర్యవైశ్యుల్లో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారి, ఎంజైమ్ 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ అనే మరొకటి వచ్చి చేరుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే మార్పు వస్తే ఎంజైమ్ దాదాపు పనిచేయదు, మందు గంటల తరబడి వదలదు.

నేను శిక్షణలో ఉండగా, ఈ మందు ఇచ్చిన ఒక యువకుడు అపెండిక్స్ ఆపరేషన్ ముగిసినా ఊపిరి అందుకోలేదు. మణికట్టు దగ్గర నరానికి సన్నగా కరెంటు ఇస్తే బొటనవేలు కదలాలి. కదలలేదు. మా ప్రొఫెసర్ ముందుగా మత్తు ఆపవద్దన్నారు. మెలకువ వచ్చి, వేలు కూడా కదపలేని స్థితి ఎవరికీ రాకూడదు. వెంటిలేటర్ మీదే ఉంచాం. సాయంత్రానికి బొటనవేలు కదిలింది, ఏ హానీ లేకుండా ఇంటికి వెళ్లాడు.

"మా ఇంట్లో మేనరికాలే లేవండీ" అన్నారు వాళ్ల నాన్నగారు. చాలామంది తడబడేది ఇక్కడే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం వైశ్యుల మూలపురుషులు కొద్దిమందే. ఆపై వంద తరాలకు పైగా పెళ్లిళ్లు ఆ సమూహంలోనే జరిగాయి. అందువల్ల చుట్టరికం తెలియని ఇద్దరిలోనూ ఒకే పూర్వీకుడి జన్యువు ఉండవచ్చు. ఇందులో తక్కువతనమేమీ లేదు. యూరోపియన్లలో ఇదే ఎంజైమ్‌లో 70వ స్థానంలో వేరే మార్పు కనిపిస్తుంది, తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన జన్యువు ప్రతులు రెండూ అలా ఉన్నవారు సుమారు 3000 మందిలో ఒకరు. వైశ్యుల్లో లోపం అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టే అడుగుతాం.

ఇది మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ పెట్టదు. అయితే పురుగుమందు తాగినవారిని గుర్తించడానికి కూడా ఇదే ఎంజైమ్ పరీక్ష చేస్తారు; పుట్టుకతోనే అది తక్కువగా ఉన్నవారి రిపోర్టు చూసి పొరపడే ప్రమాదం ఉంది.

అమ్మగారికి ఈ ఎంజైమ్‌ను కొలిచే ప్లాస్మా కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించండి. తక్కువ వస్తే రోకురోనియం వంటి వేరే మందు వాడతారు. ఆమె తోబుట్టువులకూ చేయించాలి: తల్లిదండ్రులిద్దరిలో మారిన జన్యువు ఒక్కో ప్రతి చొప్పున ఉంటే, ప్రతి బిడ్డకూ రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.