ఆయిల్ ఎప్పుడు మార్చాలి? కిలోమీటర్లొక్కటే చాలవు

ముప్పై ఏళ్లుగా టూ వీలర్ బండ్ల ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంజిన్ ఆయిల్ మీదే ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు పెట్టి, ఇవాళ ఆయిల్ సంగతే మాట్లాడుకుందాం.

ప్రశ్న: నాది 125 సీసీ బండి, కొని రెండేళ్లయింది. మాన్యువల్లో 6,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉంది. మెకానిక్ మాత్రం 2,500 దాటనివ్వొద్దంటాడు. ఆఫీసు ఇంటికి మూడు కిలోమీటర్లే, ఏడాదికి రెండు వేలు కూడా తిరగను. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ ప్రశ్నకు జవాబు మీ చివరి వాక్యంలోనే ఉందండీ. ఏడాదికి రెండు వేలు తిరిగే బండికి ఆరు వేల లెక్క పెట్టుకుంటే అదే ఆయిల్ మూడేళ్లు ఇంజిన్‌లో ఉండిపోతుంది. రెండున్నర వేల లెక్కయినా ఏడాది దాటిపోతుంది. మాన్యువల్లో ఆ పట్టిక మరోసారి తీసి చూడండి. చాలా మాన్యువళ్లలో కిలోమీటర్ల పక్కనే నెలలు కూడా రాసి, ఏది ముందొస్తే దాని ప్రకారం మార్చమని చెబుతారు. మనం అంకె చూసి పుస్తకం మూసేస్తాం.

మూడు కిలోమీటర్ల ప్రయాణం మనకు సుఖంగా ఉంటుంది కానీ ఇంజిన్‌కు కాదు. పెట్రోలు మండితే పొగతో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులు దాటి కిందికి, ఆయిల్లోకి దిగుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పూర్తిగా మండని పెట్రోలు కూడా కాస్త అదే దారి పడుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి కొంతసేపు అలాగే ఉంటే ఈ తేమా పెట్రోలూ ఆవిరై బ్రీదర్ గొట్టంలోంచి బయటికి పోతాయి. మీ బండి ఆ వేడి అందుకునేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. రోజుకు రెండుసార్లు ఇదే తంతు. దాంతో ఆయిల్ పలచబడుతుంది, ఆమ్లాలు పుడతాయి. ఆయిల్ పోసే చోటి ఫిల్లర్ మూత విప్పితే లోపల మజ్జిగ రంగు నురగ కనిపిస్తే అది తేమే.

మాన్యువల్లో ఏడాది అని ఉంటే ఏడాది దాటనివ్వకండి. మీ వాడకానికి నేనైతే ఆరు నెలలకే మార్చేస్తాను. వీలైనప్పుడల్లా, వారానికి ఒక్కసారైనా, ఆగకుండా అరగంట నడపండి. లోపలి తేమ చాలావరకు పోతుంది.

ఇక మీ మెకానిక్ మాటను కొట్టిపారేయకండి. ఆయన అనుభవంలోంచి వచ్చిన మాట అది. కార్లో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కే, గేర్ బాక్సుకు వేరే ఆయిల్ ఉంటుంది. మన బండ్లలో చాలావాటికి ఇంజిన్‌కూ, క్లచ్ ప్లేట్లకూ, గేర్లకూ ఒకే ఆయిల్. వేడిలో మరీ పలచబడిపోకుండా ఉండటానికి ఆయిల్లో పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. గేర్ల పళ్ల మధ్య నలిగి నలిగి అవి తెగిపోతాయి. అప్పుడు 20డబ్ల్యూ-40 అని (ఆయిల్ చిక్కదనం చెప్పే గ్రేడు అది) పోసిన ఆయిల్ కూడా అంత చిక్కగా ఉండదు. గేరు వేస్తుంటే పాదానికి గట్టిగా తగలడం, న్యూట్రల్ దొరక్కపోవడం, ఇంజిన్ చప్పుడు పెరగడం, ఇవన్నీ అప్పుడు మొదలవుతాయి. క్లచ్ కేబుల్ సరిగా లేకపోయినా గేరు గట్టిపడుతుంది కాబట్టి ముందు అది చూపించుకోండి. మామూలు మినరల్ ఆయిల్ పోసి, ట్రాఫిక్‌లో, దుమ్ములో, వెనకాల మనిషినో బరువునో పెట్టుకుని తిరిగే బండికి మూడు వేల లోపే మార్చమని నేనూ చెబుతాను. అదే బండి రోజూ యాభై కిలోమీటర్లు ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళుతూ, మంచి సింథటిక్ ఆయిల్ మీద ఉంటే, మాన్యువల్లో ఉన్న ఆరు వేలకు నేను అడ్డు చెప్పను.

ప్రశ్న: ఆయిల్ మార్పించిన 500 కిలోమీటర్లకే డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) మీద నల్లగా కనిపిస్తోంది. కొత్త ఆయిల్ అసలు పోయలేదేమోనని అనుమానంగా ఉంది.

జవాబు: అనుమానపడకండమ్మా. ఆయిల్లో మసిని కడిగి తనలో పట్టి ఉంచే మందులు ఉంటాయి. అవి పని చేస్తున్నాయి కాబట్టే నల్లబడింది. పాత ఆయిల్ కూడా చుక్క లేకుండా మొత్తం దిగదు, మూలమూలల్లో మిగిలింది కొత్తదానితో కలుస్తుంది. రంగు చూసి భయపడాల్సింది రెండు సందర్భాల్లోనే. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు చేరింది. ఎండలో పెట్టి చూస్తే మెరుపు రజనులాగా కనిపిస్తే లోపల ఏదో లోహం అరుగుతోంది. ఆ రెండింట్లో ఏది కనిపించినా బండి నడపడం ఆపి చూపించండి.

ప్రశ్న: కారుకు పోయగా లీటరు మంచి సింథటిక్ ఆయిల్ మిగిలింది. బైక్‌కు పోయొచ్చా?

జవాబు: వద్దు. కారు ఆయిళ్లలో చాలావాటికి మైలేజీ కోసం జారుడు పెంచే మందులు కలుపుతారు. బైక్ క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి, జారకూడదు. ఆ ఆయిల్ పోస్తే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంజిన్ అరుస్తుంది కానీ బండి లాగదు. ఇందుకోసమే జపాన్‌లో 1998లో బైక్ ఆయిళ్లకు జాసో అనే ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనక జాసో ఎంఏ అనో, 2006 నుంచి వచ్చిన ఎంఏ2 అనో ఉందేమో చూడండి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకు. వాటి క్లచ్ పొడిగా, ఆయిల్‌కు దూరంగా ఉంటుంది.

ప్రశ్న: సర్వీసుకు సరిగ్గా టైముకు ఇస్తాను. అలాంటప్పుడు మధ్యలో ఆయిల్ లెవెల్ చూసుకోవాల్సిన పని ఉందా?

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో నన్ను ఆపేసిన ప్రశ్న ఇదే. చాలా ఏళ్ల కిందట ఒకాయన బండిని నెట్టుకుంటూ షెడ్డుకు తెచ్చాడు. ఇంజిన్ పట్టేసింది, కిక్ కిందికి దిగడం లేదు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించాడు. ఆయిల్ మార్చిన ప్రతి తేదీ, మీటరు అంకె, పోసిన గ్రేడు, అన్నీ చక్కటి అక్షరాలతో ఉన్నాయి. ఒక్క సర్వీసు కూడా దాటలేదు. డ్రెయిన్ బోల్టు విప్పి కింద ట్రే పెడితే సన్నటి ధార కాసేపు కారి ఆగిపోయింది. కొలిస్తే పావు లీటరు లేదు. హెడ్ విప్పి చూశాను. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మీది గుబ్బలు గోరు తగిలేంత లోతుగా గీసుకుపోయాయి, పిస్టన్ బోరుకు అతుక్కుంది. పిస్టన్ రింగులు అరిగి బండి కొన్నాళ్లుగా ఆయిల్ తాగుతోంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందని వెనకాల వచ్చేవాళ్లు చెప్పారట కూడా. ఆ మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఏ తప్పూ చేయలేదని ఆయన నమ్మాడు. చేయవలసిందంతా నిజంగానే చేశాడు, ఈ ఒక్కటి ఎవరూ చెప్పలేదు.

100, 125 సీసీ బండ్లలో చాలావాటికి మొత్తం ఆయిల్ లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో 300 మిల్లీలీటర్లు తగ్గితే ఇంచుమించు మూడో వంతు పోయినట్టే. ఉన్న కొంచెమే అంత వేడినీ మోయాలి. ఇంకా తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, ముందుగా పైన ఉన్న హెడ్‌కు ఆయిల్ అందదు. ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు చాలా చిన్న బండ్లకు ఉండదు. నా చేతికి వచ్చిన పాడైన ఇంజిన్లలో, మార్చడం ఆలస్యమైనవాటికన్నా ఆయిల్ తగ్గినా చూసుకోనివే ఎక్కువ. కిలోమీటర్ల గురించి ఎంత వాదించుకున్నా ఇది మాత్రం మరవకండి.

చూడటానికి రెండు నిమిషాలు చాలు. సమంగా ఉన్న చోట సెంటర్ స్టాండ్ వేయండి, సైడ్ స్టాండ్ మీద అంకె తప్పు వస్తుంది. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టండి. చాలా బండ్లకు మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, మీ బండి సంగతి మాన్యువల్లో ఉంటుంది. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. ఆయిల్ లెవెల్ కనిపించేలా ఇంజిన్‌కు చిన్న గాజు కిటికీ ఉన్న బండికైతే బండిని నిలువుగా పట్టుకుని చూస్తే చాలు. పదిహేను రోజులకోసారి ఇలా చూడండి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా చూడండి. తగ్గితే అదే గ్రేడు పోయండి. పై గీత దాటించకండి, ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, బ్రీదర్ గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తంతుంది.

ప్రశ్న: కొత్త బండి, 700 కిలోమీటర్లు తిరిగింది. మొదటి సర్వీసు ఇంకో వెయ్యి తరవాత చేయించుకుంటే నష్టమా?

జవాబు: నష్టమే. కొత్త భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకునేది ఈ మొదటి కిలోమీటర్లలోనే. ఆ రజనంతా మీ ఆయిల్లో ఉంది. మాన్యువల్లో మొదటి సర్వీసుకు సాధారణంగా 500 నుంచి 1,000 మధ్యే రాస్తారు. ఈ వారమే ఇచ్చేయండి.

ప్రశ్న: ఇంట్లో నేనే ఆయిల్ మార్చుకుంటున్నాను. దించిన పాత ఆయిల్ చైన్‌కు రాస్తే సరిపోతుందా?

జవాబు: మీరే మార్చుకోవడం సంతోషం. ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు దించండి, మడ్డి కూడా కలిసి వస్తుంది. డ్రెయిన్ బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి. బోల్టు అతిగా బిగించకండి, అల్యూమినియం కేసులో మర పోతే పని పెద్దదవుతుంది. ఫిల్టర్ ఉంటే మాన్యువల్ చెప్పినప్పుడు మార్చండి, జాలీ ఉంటే కడగండి.

చైన్‌కు మాత్రం ఆ ఆయిల్ రాయకండి. అందులో లోహపు రజనూ ఆమ్లమూ ఉన్నాయి, చైన్ పిన్నులను అవే తినేస్తాయి. చేతులకు కూడా మంచిది కాదు. వాడిన ఇంజిన్ ఆయిల్ పదే పదే చర్మానికి తగిలితే చర్మ క్యాన్సర్ ప్రమాదం ఉంది. నా మొదటి పదేళ్లూ ఉత్త చేతులతోనే పని చేశాను, ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలను గ్లవ్స్ లేకుండా డ్రెయిన్ బోల్టు ముట్టుకోనివ్వను. దించిన ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోనే పోసి మూత బిగించి, పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇవ్వండి. మట్టిలో, కాలవలో పోయకండి.