సైకిలుకు మోటరు బిగించే మేనల్లుడికి

తిరుపతి,
కొర్లగుంట.

చిరంజీవి భార్గవ్‌కు మామ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. పాత సైకిలుకు మోటరు బిగించుకుని కాలేజీకి పోతానని పట్టుబట్టినావంట. "వాణ్ణి వద్దను తమ్ముడూ" అంది. నేనెందుకంటాను? బిగించుకో. కాకపోతే చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు దేని దగ్గర మిగుల్చుకోవచ్చో, దేని దగ్గర మిగుల్చుకోకూడదో ముందే తేల్చుకోవాలి. సైకిలు పాతది కొను, రంగు వేయించకు, పెట్టెలూ క్లాంపులూ పాత ఇనుముతో చేసుకో. బ్రేకులు, బ్యాటరీ, వైర్లు మాత్రం చవకవి వద్దు.

పెట్రోలు కిట్టు ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. 80 సీసీ అని అమ్ముతుంటారే, అది చట్టం ప్రకారం మోటారు వాహనమే. 1988 చట్టంలో 25 సీసీ లోపు వాటికే మినహాయింపు. నువ్వు ఇంట్లో చేసిన బండికి నంబరు ఎవరిస్తారు? కరెంటు మోటరైతే 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉండాలి. నిజం చెప్పాలంటే ఆ నిబంధనలో టెస్టింగు ఏజెన్సీ ధ్రువీకరణ కూడా ఉంది, అది నీ దగ్గర ఉండదు. అందుకే ఆ హద్దులు దాటొద్దు, పెడళ్ళు పీకెయ్యొద్దు. ఎప్పటికీ అది సైకిలుగానే ఉండాలి.

సైకిలు కొనేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకుని పో. ఫ్రేముకు అతుక్కుంటే ఇనుము, మన వెల్డింగు కొట్లో పని అవుతుంది. అల్యూమినియం జోలికి పోకు. ఒక్కో చక్రం పైకెత్తి తిప్పు. పక్కకు ఊగుతోందా, హబ్బులో గరగరమంటోందా, పుల్లలు వదులుగా ఉన్నాయా చూడు. తాతగారి కాలం కడ్డీ బ్రేకుల సైకిలు ఎంత గట్టిదైనా వద్దు. వాన పడితే ఆ బ్రేకు ఎంత దూరాన పడుతుందో దేవుడికే తెలియాలి. ముందు డిస్కు, వెనక రిమ్మును పట్టే బ్రేకు ఉన్నది చూసుకో. వెనక హబ్బుకు కూడా డిస్కు బిగించే ఆరు బోల్టుల చోటు ఉండాలి, అది మనకు పనికొస్తుంది.

ఎందుకంటే పెడళ్ళ చైను కుడివైపు ఉంటుంది కాబట్టి మోటరు చైను ఎడమవైపు వస్తుంది. మామూలు ఫ్రీవీలు, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ళ బిళ్ళ, తెచ్చి ఎడమవైపు తిప్పి పెడితే లాగాల్సిన దిక్కున ఖాళీగా తిరుగుతుంది. కొందరు పుల్లల మధ్య రబ్బరు పెట్టి పళ్ళచక్రం బోల్టు చేస్తారు. అట్లా చేస్తే చక్రానికి బెండు వస్తుంది, తర్వాత పుల్లలు ఒకటొకటిగా తెగుతాయి. డిస్కు చోట పళ్ళచక్రాన్ని ప్లేటు వేసి బిగిస్తే నిటారుగా నిలబడుతుంది.

ఇక పళ్ళ లెక్క. 24 వోల్టులు, 250 వాట్ల గేరు మోటరు తీసుకో, ఆ మోటరు కంట్రోలర్ (మోటరుకు పోయే కరెంటును తగ్గించి పెంచే పెట్టె), యాక్సిలేటర్‌తో కలిపి సెట్టుగా దొరుకుతుంది. నిమిషానికి 330 చుట్లు తిరిగే మోటరుకు 9 పళ్ళు, చక్రానికి 18 పళ్ళు అయితే చక్రం 165 చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్లకు కాస్త పైన పోతుంది. అంటే గంటకు సుమారు 20 కిలోమీటర్లు. చాలదూ? మన ఊరి ఆటోల మధ్య అంతకంటే వేగం దేనికి!

సగం డబ్బు బ్యాటరీకే పోతుంది, పోనీ. కారు పాత బ్యాటరీ ఊరికే ఇస్తామన్నా తీసుకోకు. అది స్టార్టు కొట్టడానికి చేసింది, రోజూ ఖాళీ చేసి నింపితే కొన్నాళ్ళకే చచ్చిపోతుంది. 12 వోల్టులు, 12 ఆంపియర్ అవర్ల సీల్డు లెడ్ బ్యాటరీలు రెండు సిరీసులో, అంటే ఒకదాని ప్లస్సు ఇంకోదాని మైనస్సుకు, కలుపు. రెండూ ఒకే రకానివి, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి. కాగితం మీద అవి 288 వాట్ అవర్లు. లెడ్ బ్యాటరీని అడుగంటా పిండకూడదు కాబట్టి తొక్కుతూ పోతే ఒక చార్జికి 12 నుంచి 15 కిలోమీటర్లు అనుకో. ఇంటికి రాగానే చార్జింగు పెట్టు. ఖాళీగా రోజుల తరబడి వదిలేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ నిండదు.

లాప్‌టాప్ పాత సెల్లులు ఏరి టంకం పెట్టుకునే వీడియోలు చూస్తుంటావు. వద్దు నాయనా. లిథియమే కావాలంటే బీఎంఎస్ (సెల్లులను కాపాడే బోర్డు) ఉన్న తయారు ప్యాకు, దాని చార్జరుతో సహా కొను. మన ఎండలకు 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో వదలకు. పడకగదిలో, మెట్ల కింద చార్జింగు అసలే వద్దు.

బ్యాటరీ ప్లస్సుకు ఆనుకునే 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. మెలితిప్పి టేపు చుట్టేది కాదు, సరైన కనెక్టరు వెయ్యి. బ్రేకు పట్టగానే మోటరు ఆగే స్విచ్చున్న బ్రేకు లివర్లు వేరేగా అమ్ముతారు, సెట్టులో లేకపోతే అవి కొనందే రోడ్డెక్కొద్దు. యాక్సిలేటర్ ఇరుక్కున్న రోజు నిన్ను కాపాడేవి అవే. కంట్రోలర్ లోకి పోయే వైర్లు కిందికి వంగి పైకి పోయేట్టు కట్టు, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కార్తీక మాసం వానల్లో అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలిస్తే దిగి నడిపించుకుని కూడా పోకు, వేరే దారి చూసుకో.

కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు ఎక్కేటప్పుడు మోటరు మీదే వదిలెయ్యకుండా నువ్వూ తొక్కు, లేకుంటే వేడెక్కి వైండింగు వాసన వస్తుంది. ఘాట్ రోడ్డు మాట మాత్రం ఎత్తకు.

మోటరుకు డబ్బులిచ్చే ముందు దాని మీద రాసిన వోల్టులూ చుట్లూ ఫోటో తీసి పంపు. సైకిలు చక్రం కొలత కూడా రాయి. వెల్డింగు ఎక్కడ పడాలో ఆదివారం వచ్చి సుద్దముక్కతో గీసిస్తా, అప్పటిదాకా ఫ్రేముకు రంధ్రం వెయ్యొద్దు.

మీ మామ