అన్నకి చెల్లెలి కంటే కింది లెవెల్ పుస్తకం ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి 11 ఏళ్ళు, పాపకి 9. రెండేళ్ళుగా ఇంట్లోనే చదివిస్తున్నాను. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఈ ఏడు ఇద్దరికీ ఒకే పుస్తకాల సెట్ తెప్పించాను. లెక్కలు కూడా ఇద్దరికీ నాలుగో లెవెలే. పాప పావుగంటలో పేజీ ముగించి "ఇంకేం చెయ్యను?" అంటుంది. బాబు అదే పేజీ ముందు గంటసేపు కూర్చుంటాడు. నోటితో అడిగితే చాలావరకు చెప్తాడు, కాగితం మీద పెట్టేసరికి ఆగిపోతాడు. పోయిన వారం పేజీ చించేసి "నాకు బుర్ర లేదు" అన్నాడు. మా వారు ఇద్దరికీ వయసుకి తగ్గ తరగతి పుస్తకాలే పెట్టమంటున్నారు. నాకేమో బాబుని మూడో లెవెల్‌కి దించాలనిపిస్తోంది. చెల్లెలు పైన, అన్న కింద అంటే వాడు తట్టుకోగలడా? కొన్న పుస్తకాలు ఏం చెయ్యాలి?

జవాబు: బాబుని దించాలా వద్దా అన్న దగ్గర మీరు ఆగిపోయారు. నేను మాత్రం "నోటితో అడిగితే చెప్తాడు" అన్న మాట దగ్గర ఆగాను. అది నిజమైతే మూడో లెవెల్ పుస్తకం తెచ్చినా ఏమీ మారదమ్మా. అందులోనూ చదవాల్సిన వాక్యాలుంటాయి, రాయాల్సిన కాగితం ఉంటుంది. పైగా వచ్చిన లెక్కల్నే మళ్ళీ చెయ్యమంటుంది. అలా ఇంకో ఏడాది పోతుంది.

అందుకని ఏదీ కొనకముందు ఒక చిన్న పని చెయ్యండి. ఇప్పుడున్న పుస్తకంలోంచే మాటల్లో ఇచ్చే లెక్కలు 10 ఏరండి, "ఒక పెట్టెలో ఇన్ని పెన్సిళ్ళుంటే" అంటూ మొదలయ్యేవి. రెండు రోజులకి పంచండి. ఐదు లెక్కలు వాడే చదువుకుని చెయ్యాలి, ఐదు మీరు చదివి వినిపించాలి. మీరు చదివినవి సరిగ్గా చేసి, తను చదివినవి తప్పితే, అడ్డం పడుతున్నది చదవడం. లెక్కల లెవెల్ తగ్గించనక్కర్లేదు, ప్రశ్నలు మీరు చదివిపెడితే చాలు. విని, జవాబు నోటితో చెప్పి, అంకెలు వేసేటప్పుడు మాత్రం తడబడితే గళ్ళ కాగితం ఇచ్చి చూడండి, ఒక గడికి ఒక అంకె. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబడకపోవడం వల్లే తప్పులు చేసే పిల్లలు చాలామంది ఉంటారు. ఎలా అడిగినా తప్పుతుంటే అప్పుడు లెక్కల్లోనే ఎక్కడో గుంట ఉందనుకోవాలి.

ఆ గుంట ఎక్కడుందో మార్కులు చెప్పవు, తప్పులు చెప్తాయి. 305లోంచి 178 తీసెయ్యమంటే 127 రావాలి. వాడు 273 రాశాడనుకోండి. అజాగ్రత్త అని కొట్టిపారెయ్యకండి. పైన ఉన్నదా కింద ఉన్నదా అని చూడకుండా, ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు. అంటే అప్పు తెచ్చుకోవడం వాడికి అర్థం కాలేదు. దాని వెనక వందంటే పది పదులన్న సంగతి గట్టిపడలేదు. ఇది రెండు మూడు వారాల పని. పుల్లలు పదేసి కట్టలు కట్టి, కట్ట విప్పి చూపిస్తే తేలుతుంది. దీనికోసం లెవెల్ మొత్తం వెనక్కి వెళ్ళడమంటే, చొక్కాకి ఒక బొత్తం ఊడిందని చొక్కా అంతా విప్పి మళ్ళీ కుట్టడమే.

ఇది కూడా చూశాక ప్లేస్‌మెంట్ టెస్ట్, అంటే ఏ లెవెల్ పుస్తకం సరిపోతుందో తేల్చే పరీక్ష పెట్టండి. హోమ్‌స్కూలింగ్ పుస్తకాలు వేసే చాలా సంస్థలు దీన్ని ఉచితంగానే ఇస్తాయి. చాలావరకు ఇవి ఒక లెవెల్ చివరి పరీక్షల్లాంటివే. దాదాపు 80 శాతం వస్తే పై లెవెల్‌కి వెళ్ళమంటాయి. గడియారం పెట్టకండి. పక్కన కూర్చోండి కానీ సాయం చెయ్యకండి, మొహం మీద కూడా ఏమీ కనపడనివ్వకండి (ఇదే అన్నిటికంటే కష్టం). అనుకున్న లెవెల్ కంటే ఒకటి కిందది ముందు పెట్టండి, పిల్లవాడు గెలుపుతో మొదలవుతాడు. వరసగా నాలుగైదు తప్పితే అక్కడితో ఆపెయ్యండి.

టెస్ట్ అయ్యాక తప్పిన వాటిలో కొన్నిటిని, మీరు ఒక్క సూచన ఇచ్చి మళ్ళీ చేయించండి. ఒంటరిగా చెయ్యగలిగిన దానికీ, తెలిసినవాళ్ళు పక్కనుంటే చెయ్యగలిగిన దానికీ మధ్య ఒక జాగా ఉంటుందని, నేర్చుకోవడం జరిగేది అక్కడేనని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ చెప్పాడు. ఆయన 1934లోనే పోయాడు, టీచర్లు ఇప్పటికీ ఆ మాటే పట్టుకుని ఉన్నారు. ఒక్క సూచనతో చేసేసిన లెక్కలున్న లెవెల్ మీ వాడికి సరిపోయే లెవెల్. సూచన ఇచ్చినా బిక్కమొహం వేస్తే అది ఇంకా పైది.

ఇక లెవెల్ అన్న మాట గురించి. నాలుగో లెవెల్ అంటే అన్ని సంస్థలకీ ఒకటే కాదు. ఒకరి మూడో పుస్తకంలో ఉన్న పెద్ద భాగహారం ఇంకొకరి నాలుగో పుస్తకంలో ఉంటుంది. ఒక పద్ధతి భిన్నాల మీదే వారాల తరబడి కూర్చుంటుంది, ఇంకో పద్ధతి అన్నీ కొంచెం కొంచెంగా తిప్పి తిప్పి చెప్తుంది. అట్ట మీది అంకె పుస్తకాల వరస తెలియడానికే. మీ వాడికి లెక్కల్లో ఒక లెవెల్, చదవడంలో ఒకటి, సైన్స్‌లో ఇంకొకటి ఉండొచ్చు, ఉండే అవకాశమే ఎక్కువ కూడా. సెట్టుగా కొంటే ఈ మూడూ ఒకే అంకెకి కట్టుబడిపోతాయి. మీరు పడిన చిక్కు అదే. మీ తప్పేం లేదు, సెట్లు అమ్మేది అలాగే.

చదవడం లెవెల్ తెలుసుకోవడానికి పాత కొలత ఒకటుంది. 1946లో ఎమ్మెట్ బెట్స్ అనే అమెరికన్ విద్యావేత్త చెప్పింది. వంద మాటలున్న భాగాన్ని పైకి చదివించి, తడబడిన మాటలు లెక్కపెట్టాలి. ఒకటికి మించకపోతే ఆ పుస్తకం తనంతట తను చదువుకోవచ్చు. ఐదు వరకూ అయితే మీరు పక్కన ఉండి చదివించవచ్చు. పది దాటితే అది విసుగు పుట్టించే పుస్తకం, పక్కన పెట్టండి. ఇంగ్లీషు చదివే పిల్లల్ని చూసి కట్టిన లెక్క కాబట్టి గీత గీసినట్టు పాటించక్కర్లేదు, అంచనాకి పనికొస్తుంది. చదివాక ఏం జరిగిందో చెప్పమని కూడా అడగండి. మాటలన్నీ సరిగ్గా చదివేసి కథ చెప్పలేని పిల్లలూ ఉంటారు. పాపకి కూడా ఇది పెట్టండి. లెక్కల్లో చురుకైనవాళ్ళు అన్నిటిలోనూ ముందుంటారని మనం ఊరికే అనుకుంటాం.

విడివిడిగా చెప్పే ఓపిక లేదన్నారు. నిజమే, ఇద్దరికి అన్ని సబ్జెక్టులూ వేరువేరుగా చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ మీరు కలిపింది కలపకూడని సబ్జెక్టు. లెక్కలు, చదవడం, రాయడం మెట్ల మీద నడక లాంటివి, ఒక మెట్టు తప్పితే పైది అందదు. ఇవి ఎవరివి వాళ్ళకే. ఒక్కొక్కరికీ మీరు పక్కన కూర్చుని 25 నిమిషాలు చెప్తే చాలు, మిగతాది సొంతంగా చేసుకుంటారు. ఒకరు మీ దగ్గరుంటే రెండోవాళ్ళు వేరే గదిలో ఉండాలి. చెల్లెలు జవాబు అందించే దూరంలో ఉంటే వాడు నోరు విప్పడు. చరిత్ర, సైన్స్, భూగోళం, బొమ్మలు, కథలు మాత్రం ఇద్దరికీ కలిపే చెప్పండి. ఈ పుస్తకాలు బాబు బుర్రకి తగ్గవి తెచ్చి, మీరే పైకి చదవండి. ఈ వయసులో చాలామంది పిల్లలకి విని అర్థమయ్యేది, చదివి అర్థమయ్యే దానికంటే బాగా ఎక్కువ. చదవడం నెమ్మదిగా ఉన్నంత మాత్రాన అగ్నిపర్వతాల గురించి చిన్నపిల్లల పుస్తకం చదువుకోనక్కర్లేదు. విన్నాక వాడు చెప్పింది మీరు రాసిపెట్టండి, పాప తనే రాసుకుంటుంది. రోజూ ఒక గంట, అన్న కూడా ముందు నోరు విప్పగలిగే చోటు ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు మీరు భయపడుతున్న మాట. పరీక్షలన్నీ అయ్యాక వాడికి లెక్కల్లో కింది పుస్తకమే తగినదని తేలిందనుకుందాం. ఇవ్వండి, కానీ చెల్లెలి సంస్థ పుస్తకాలు కాకుండా వేరేవాళ్ళవి తీసుకోండి. అప్పుడు రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడడానికి ఉండదు. అట్ట మీద లెవెల్ అంకె లేకుండా వేసే సంస్థలూ ఉన్నాయి. అట్ట వేస్తే సరిపోదా అంటారేమో, 11 ఏళ్ళవాడు అట్ట విప్పి చూస్తాడు. అంతకంటే ముందు వాడితో నిజం మాట్లాడండి: "నీకు ఇది వచ్చు, ఇది వచ్చు, అప్పు తెచ్చుకోవడం దగ్గర నేను సరిగ్గా చెప్పలేదు, అక్కణ్ణించి మొదలుపెడదాం." తప్పు మీ మీద వేసుకుంటున్నారు, అందులో అబద్ధం కూడా ఏం లేదు. ఒక్క మాట మాత్రం అనకండి, "ఇది చాలా ఈజీరా" అని. నేను మా వాడితో ఇదే అనేదాన్ని, ధైర్యం చెప్తున్నాననుకుని. చెయ్యగలిగితే ఈజీది చేశాడు, గొప్పేముంది? చెయ్యలేకపోతే ఈజీది కూడా రాలేదు. రెండు రకాలుగానూ వాడికే నష్టం. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

పాప విషయంలో తొందరపడి ఐదో లెవెల్‌కి తోసెయ్యకండి. టెస్ట్ చెప్తే వెళ్ళనివ్వండి. లేకపోతే అదే లెవెల్‌లో లోతుకి దింపండి: ఒకే లెక్కని రెండు పద్ధతుల్లో చెయ్యమనండి, తనే ఒక లెక్క తయారు చెయ్యమనండి. "ఇంకేం చెయ్యను?" అన్నప్పుడల్లా ఇంకో పేజీ ఇస్తే, త్వరగా చేసినందుకు శిక్ష అనుకుంటుంది. అన్నకి చెప్పే పని మాత్రం ఎప్పుడూ అప్పగించకండి.

మీ వారి మాట కొట్టిపారేసేది కాదు. ఎప్పుడైనా బడికి తిరిగి వెళ్ళాల్సి వస్తే వయసుకి తగ్గ తరగతి ఎక్కడుందో తెలిసి ఉండాలి. కాబట్టి ఆ తరగతి సిలబస్ ఒకటి గోడకి పెట్టుకుని, మూడు నెలలకోసారి బాబు ఎంత దగ్గరికి వచ్చాడో ఇద్దరూ కలిసి చూసుకోండి. అయితే ఒక వయసు పిల్లలందరికీ ఒకే పుస్తకం అన్న ఏర్పాటు చాలామందిని ఒకేసారి కూర్చోబెట్టే సౌకర్యం కోసం 19వ శతాబ్దంలో బలపడింది. 1907లో రోమ్‌లో మరియా మాంటిసోరి మొదలుపెట్టిన బడిలో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఎవరి పని వాళ్ళు చేసుకునేవారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఆ రెండోదే దగ్గర అని ఆయనతో అనండి.

ఇంకొకటి, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకండి. వాడి కళ్ళు, చెవులు చూపించండి. అవి బాగానే ఉండి, మాటల్ని శబ్దాలుగా విడదీయడం కష్టమవుతుంటే, చూసిన మాటనే మళ్ళీ కొత్తగా కూడబలుక్కుంటుంటే, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు అలాగే ఉండి ఉంటే, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో సైకాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించండి. తెలివికీ దీనికీ సంబంధం లేదు. ఉందని తేలితే లెవెల్ మార్చినా సరిపోదు, శబ్దానికీ అక్షరానికీ ఉన్న ముడిని ఒక వరసలో నేర్పే పద్ధతి కావాలి. "నాకు బుర్ర లేదు" అన్న పిల్లవాడికి, తన ఇబ్బందికి ఒక పేరుందని తెలియడం కూడా ఊరటే. ఆ మాట ఇంకా తరచుగా వస్తుంటే, తిండి నిద్ర తగ్గుతుంటే, పుస్తకాల సంగతి ఆపి ముందు ఆ టెన్షన్ గురించి కౌన్సెలర్‌ని కలవండి.

కొన్న పుస్తకాల్లో లెక్కలవి పాపకే ఉంచండి. చరిత్ర, సైన్స్ పుస్తకాలు పైకి చదివి ఇద్దరికీ వాడుకోవచ్చు. ముందు ముందు పాప వాడేసి వదిలిన పుస్తకం బాబు లెవెల్‌కి సరిపోయినా, అది మాత్రం వాడి చేతికి ఇవ్వకండి. చెల్లెలి పెన్సిల్ గుర్తులు రబ్బరుతో తుడిచినా కాగితం మీద గాడి ఉండిపోతుంది. దాన్ని ఎవరికైనా ఇచ్చేసి, బాబు కోసం కొత్తది తెప్పించండి.