ఇరుకు చోట పచ్చని దడి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి గురించి అడిగాయి. ప్రహరీ వెంట మిగిలిన మూరెడు జాగాలో ఏడాది పొడవునా పచ్చగా ఉండే దడి పెంచడం ఎలాగని. వానలు పడేలోపే కాలువ తవ్వి సిద్ధంగా ఉంచుకోవాలి కాబట్టి ఈసారి వాటికే చోటిస్తున్నాం.

ప్రశ్న: మా ప్రహరీ గోడ 4 అడుగుల ఎత్తు. గోడకూ, కారు నిలిపే సిమెంటు నేలకూ మధ్య 2 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు మట్టి వదిలాం. పక్కవాళ్ళ వాకిలి కనబడకుండా 6 అడుగుల ఎత్తు దడి కావాలి. కారు తలుపుకి అడ్డం రాకూడదు, ఆకు రాలకూడదు. ఏ మొక్క వేయాలి? ఎన్ని కావాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా ఒక మాట. ఆకే రాలని మొక్కంటూ లేదండి. ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్క కూడా పాత ఆకుల్ని కొద్దికొద్దిగా రాలుస్తూనే ఉంటుంది, కాకపోతే ఎప్పుడూ మోడుగా నిలబడదు. అంతవరకు చాలనుకుంటే మీ జాగాకి మధుకామిని సరిపోతుంది. ఆకు చిన్నది, ముదురు పచ్చన, మెరుస్తుంది. ఎన్నిసార్లు కత్తిరించినా మళ్ళీ చిగురిస్తుంది. డురాంటా కూడా పనికొస్తుంది, ధర కూడా తక్కువే. కానీ వానాకాలంలో దానికి మూడు వారాలకోసారి కత్తెర పట్టకపోతే కారు మీదికి వంగుతుంది, కొమ్మలకి ముళ్ళూ ఉంటాయి. పసుపు పచ్చని కాయలు విషం, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది కూడా ఆలోచించాలి. మధుకామిని నిదానంగా పెరుగుతుంది. 6 అడుగులకి రావడానికి రెండున్నర, మూడేళ్ళు పడుతుంది. ఇరుకు చోట ఆ నిదానమే మనకు కావాలి.

కాలువ 1 అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు తవ్వించండి. పట్టీకి సరిగ్గా మధ్యలో, అంటే గోడ నుంచి మొక్క మొదలు దాకా 1 అడుగు దూరం వచ్చేలా. చోటు కలిసొస్తుందని చాలామంది గోడకి ఆనించి నాటుతారు. అలా నాటితే గోడ వైపు ఎండా గాలీ అందక ఆకు రాదు, ఆ పక్క కొమ్మలన్నీ ఎండుపుల్లలుగా మిగులుతాయి, నీళ్ళు కూడా పునాదిలోకి దిగుతాయి. తవ్వేటప్పుడు గునపానికి పునాది రాయి తగిలితే అక్కడితో ఆపేయండి. లోతు నాలుగు అంగుళాలు తగ్గినా ఫరవాలేదు.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. కొత్త ఇళ్ళలో ప్రహరీ పక్క మట్టి మట్టిగా ఉండదు. సిమెంటు పెళ్ళలు, కంకర, ఇటుక ముక్కలు, గోడ గీకినప్పుడు రాలిన సున్నం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. ఆ చెత్తంతా జల్లెడ పట్టినంత శ్రద్ధగా తీసేయాలి. మీ కాలువ మొత్తం 45 ఘనపుటడుగులు. అందులో మూడు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, అంటే ఎరువు సుమారు 11 ఘనపుటడుగులు. మొక్కకి 100 గ్రాముల లెక్కన వేపపిండి 3 కిలోలు కలపండి. ఎరువు మాగిందో లేదో గుప్పిట్లోకి తీసుకుని చూడండి. వేడిగా తగిలినా, పేడ కంపు కొట్టినా ఇంకో రెండు నెలలు పక్కన పెట్టండి. పచ్చి పేడ వేర్లను మాడ్చేస్తుంది, చెదలనీ వేరుపురుగునీ పిలుచుకొస్తుంది. మట్టిని నేలమట్టానికి రెండు అంగుళాలు పైకి నింపి రెండుసార్లు బాగా తడపండి, వారం ఆగాక నాటండి. ఆగకుండా నాటితే మట్టి కుంగి మొక్కలు గుంతలో పడ్డట్టవుతాయి, మొదళ్ళ దగ్గర నీళ్ళు నిలుస్తాయి.

మొక్కల మధ్య దూరం 1 అడుగు. మొదటి మొక్కని చివరి నుంచి అర అడుగు లోపలికి నాటితే 30 అడుగులకి సరిగ్గా 30 మొక్కలు. 33 కొని, మూడింటిని కుండీల్లో పెంచండి. తర్వాత ఎక్కడైనా ఒకటి చచ్చిపోతే అదే వయసు మొక్క చేతిలో ఉంటుంది. రెండు వరుసల్లో జిగ్‌జాగ్‌గా నాటడం మూడడుగులకి మించిన వెడల్పున్నచోట మాటే. మీకు ఒక్క వరుస చాలు. నర్సరీలో నాలుగడుగుల ఎత్తు మొక్కలు చూసి మోజు పడకండి. అవి ఒంటికాడగా పైకి లేచి ఉంటాయి, కింద కొమ్మలుండవు. అడుగు, అడుగున్నర ఎత్తులో మొదటి నుంచే మూడు నాలుగు కొమ్మలు చీలినవి ఏరుకోండి.

మొక్క చుట్టూ ఉన్న మట్టి ముద్దని నొక్కి చూడండి. కడియం వైపు నుంచి వచ్చే మొక్కలకి తరచూ నల్లని బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని మీ వదులైన ఎర్రమట్టిలో అలాగే పెడితే, పోసిన నీళ్ళు ముద్ద చుట్టూ జారి కిందికి పోతాయి. పైమట్టి తడిగా కనిపిస్తుంది, లోపల ముద్ద రాయిలా ఎండుతుంది. రోజూ నీళ్ళు పోస్తున్నా మొక్క వాడిపోతోందని వచ్చే ఉత్తరాల్లో సగానికి కారణం ఇదే. అందుకని నాటే ముందు కవరుతో సహా బకెట్ నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచండి. తర్వాత కవరు కోసి పూర్తిగా తీసేయండి. ముద్ద పై పొరని వేళ్ళతో అర అంగుళం మేర గీరి వదులు చేయండి. గుండ్రంగా చుట్టుకున్న వేర్లుంటే రెండు మూడు చోట్ల కత్తిరించండి. ముద్ద పైభాగం నేలమట్టానికే ఉండాలి, కాండం మట్టిలో పూడకూడదు.

నాటిన రోజే పైనుంచి మూడో వంతు కత్తిరించేయండి. ఎదగాల్సిన మొక్కని కోయడానికి చేయి రాదు, నిజమే. కానీ దడి కింది నుంచి ఒత్తుగా రావాలంటే ఇదొక్కటే దారి. ఆపైన కొత్త చిగురు 6 అంగుళాలు లేచినప్పుడల్లా 3 అంగుళాలు కోయండి. ఇలా రెండేళ్ళు ఓపిక పడితే కింది కొమ్మ నుంచి పై కొమ్మ దాకా ఖాళీ కనబడదు. పూర్తి ఎత్తుకి వచ్చాక కింద 18 అంగుళాలు, పైన 12 అంగుళాలు వెడల్పు ఉండేలా, అంటే పైకి కొంచెం సన్నబడేలా కత్తిరించాలి. రెండు చివర్లా కర్రలు పాతి దారం కట్టుకుంటే గీత తప్పదు. కింద 18 అంగుళాలంటే మొక్క మొదలుకి అటు 9, ఇటు 9. కారు వైపు మీకింకా 3 అంగుళాలు మిగులుతుంది.

నీళ్ళకి 16 మిల్లీమీటర్ల ఇన్‌లైన్ డ్రిప్ పైపు ఒక్కటి వేయండి. 30 సెంటీమీటర్లకో రంధ్రం, గంటకి 2 లీటర్లు ఇచ్చేది. 30 రంధ్రాలకి గంటకి 60 లీటర్లు. మొదటి రెండు నెలలు వాన లేని రోజుల్లో గంటసేపు, తర్వాత రోజు విడిచి రోజు. మూడో ఏడు నుంచి వేసవిలో తప్ప వారానికి రెండుసార్లు చాలు.

ప్రశ్న: మధుకామిని దడికి చిగురాకులు పాలిపోయి పసుపు రంగులోకి మారుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. యూరియా వేసినా గుణం లేదు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇది ఇనుము లోపం. నత్రజని లోపమైతే ముందు ముసలి ఆకులు పాలిపోతాయి. మీకు చిగుళ్ళలో, అదీ ఈనెకీ ఈనెకీ నడుమ కనబడుతోంది కాబట్టి యూరియాతో తగ్గదు. మట్టిలో ఇనుము ఉన్నా, గోడ సున్నం, సిమెంటు, బోరునీళ్ళలో ఉండే సున్నపు లవణాల వల్ల మట్టి క్షారంగా మారి వేర్లకి అందకుండా పోతుంది.

లీటరు నీటికి ముందు 1 గ్రాము నిమ్మఉప్పు కరిగించి, తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలపండి. ఈ వరస మార్చకండి. కలిపిన నీళ్ళు తుప్పు రంగుకి తిరిగితే పారబోసి మళ్ళీ చేయండి, అది ఆకుకి పట్టదు. సాయంత్రం పూట ఆకు రెండు వైపులా తడిసేలా, పది రోజుల తేడాతో మూడుసార్లు పిచికారీ చేయండి. గోడ మీద, టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పడి పోవు, పాత చీర ఏదైనా అడ్డం కట్టండి. ఇప్పటికే పసుపు రంగుకి తిరిగిన ముదురాకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, ఇకపై వచ్చే చిగురు చూసి లెక్క వేసుకోండి. పిచికారీ తాత్కాలికమే. మొదళ్ళ దగ్గర పెళ్ళలుంటే తీసి, ఏడాదికి రెండుసార్లు మొక్కకి అరకిలో వర్మీకంపోస్టు, వీలైనన్నిసార్లు నిలవ చేసిన వాననీళ్ళు ఇవ్వండి.

ప్రశ్న: ఐదేళ్ళ డురాంటా దడి. పైన గొడుగులా గుబురుగా ఉంది, కింద రెండడుగుల మేర పుల్లలే. కింద చిగురు రావాలంటే ఏ మందు వేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మందుతో రాదు, కత్తెరతోనే వస్తుంది. పైభాగం వెడల్పు, కింద సన్నం అయ్యేలా ఏళ్ళ తరబడి కత్తిరించడంతో పైకొమ్మల నీడ కిందికొమ్మల మీద పడి ఆకు చచ్చిపోయింది. వెలుతురు అందని కొమ్మకి ఎంత ఎరువు వేసినా దండగే.

జూన్‌లో మంచి వాన రెండుసార్లు పడ్డాక నేల నుంచి 1 అడుగు ఎత్తులో మొత్తం నరికేయండి. డురాంటా ముదురు కొయ్య నుంచి కూడా చిగురు పెడుతుంది. నరకడానికి వారం ముందు బాగా తడపండి. తర్వాత మొక్కకి ఒక కిలో మాగిన ఎరువు, 50 గ్రాముల వేపపిండి వేయండి. కొత్త చిగుళ్ళు 6 అంగుళాలు రాగానే సగానికి తుంచండి. ఈసారి మొదటి రోజు నుంచే కింద వెడల్పు, పైన సన్నం. ఒకేసారి నరికితే ఇల్లు బోసిపోతుందనిపిస్తే ఈ ఏడు వీధి వైపు సగం, వచ్చే ఏడు ఇంటి వైపు సగం కాండం దాకా కోయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ పని వద్దు. నీడ పోయిన కాండం మీద నేరుగా ఎండ పడి బెరడు చిట్లుతుంది.

తూజా దడి ఉన్నవాళ్ళు ఈ పద్ధతి చేయకండి. తూజా ఆకులేని ముదురు కొయ్య నుంచి చిగురించదు, నరికితే అంతే.

ప్రశ్న: సముద్రానికి దగ్గర ఇల్లు, బోరు నీళ్ళు ఉప్పన. మధుకామిని రెండుసార్లు మాడిపోయింది. వెడల్పు తక్కువ కదా అని అశోక చెట్లు వేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అశోక వద్దు. అది వెడల్పు తక్కువే గాని ఎత్తు 30 అడుగులు దాటుతుంది, గోడ పక్క ఇరుకు మట్టిలో అంత ఎత్తుని నిలబెట్టే వేరు కుదరదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి మీ ఊళ్ళో ఎన్ని చెట్లు కూలాయో మీకు చెప్పక్కర్లేదు. పైభాగం కోస్తే పొట్టిగా ఉంటుందంటారు, అప్పుడది పక్కలకి గుబురెక్కి మీరు కోరుకున్న సన్నదనమే పోతుంది.

మీకు పిసింగి సరిపోతుంది. ఉప్పుటేళ్ళ గట్ల మీద దానంతట అదే పెరిగే మొక్క. ఉప్పుగాలినీ, ఉప్పునీళ్ళనీ ఓర్చుకుంటుంది, ఆకు చేదు కాబట్టి మేకలు ముట్టవు. చిటికెన వేలు లావు కొమ్మల్ని 8 అంగుళాల ముక్కలు కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా వానాకాలంలో గుచ్చితే వేరు పడుతుంది. దూరం 9 అంగుళాలు. ఒక్క జాగ్రత్త: కొమ్మ వంగి నేలని తాకినచోట మళ్ళీ వేరు వేసి పాకుతుంది, నెలకోసారి పార అంచుతో కోసేయాలి.

ప్రశ్న: బత్తాయి తోటలోనే ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ మధుకామిని దడి వేయవచ్చా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: వేయకండి. మధుకామిని, కరివేపాకు, బత్తాయి, నిమ్మ అన్నీ ఒకే కుటుంబం. బత్తాయికి గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగుకి మధుకామిని చిగురంటే చాలా ఇష్టం. కత్తిరించిన ప్రతిసారీ చిగురు వస్తుంది కాబట్టి ఏడాదంతా దానికి మేత దొరుకుతుంది. గ్రీనింగ్ సోకిన చెట్టుకి వైద్యం లేదు. ఇంటి చుట్టూ బందారు (డోడోనియా) మొక్కలు వేయండి. నీళ్ళు నిలవని నేలైతే వానాకాలం దాటాక పెద్దగా తడి కూడా అడగదు, గొడ్లు తినవు. తోట గట్టున ముళ్ళ కంచె కావాలంటే వాక్కాయ.

ప్రశ్న: తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ తెచ్చాం. నాటవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండి. వేర్లు డ్రైనేజీ గొట్టాల్లోకి, నీళ్ళ సంపుల్లోకి దూరతాయి. పుప్పొడితో కొందరికి ఆయాసం, అలర్జీ వస్తున్నాయన్న ఫిర్యాదులూ ఉన్నాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం దీన్ని నాటడమే నిషేధించింది. వీలైతే నర్సరీకి తిరిగిచ్చి ఇంకో మొక్క తెచ్చుకోండి.

ప్రశ్న: దడి వేస్తే దోమలు, పాములు చేరతాయని మా అత్తగారు వద్దంటున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. దోమలు పగలు చల్లని గుబురులో తలదాచుకుంటాయి. కానీ గుడ్లు పెట్టేది నిలవ నీళ్ళలోనే. డ్రిప్ నీళ్ళు ఒకచోట మడుగు కట్టకుండా, కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవకుండా చూస్తే దడి వల్ల దోమలు పెరగవు. పాము వచ్చేది ఎలకలు, కప్పల కోసం. దడి కింద రాలిన ఆకుని పోగుపడనీయక వారానికోసారి ఊడ్చి కంపోస్టు గుంతలో వేయండి. మొదళ్ళ దగ్గర నేల నుంచి 4 అంగుళాల మేర కొమ్మలు తీసేసి, చీపురు పుల్ల అవతలి దాకా ఆడేలా ఉంచండి. ఇటుకలు, కట్టెలు, అన్నం మెతుకులు ఆ పక్క వేయనీయకండి. కత్తిరించేటప్పుడు ముందు పొడుగాటి కర్రతో దడిని కొసదాకా తట్టి, ఆ తర్వాతే చేయి పెట్టండి.