లైడార్ చదువుతానంటున్న అమ్మాయి, కళ్ల గురించి బెంగపడుతున్న నాన్న

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం. కార్లకు పెట్టే లేజర్ సెన్సర్ (లైడార్) మీద ప్రాజెక్టు చేస్తానని, ఎంటెక్ కూడా అటువైపేనని అంటోంది. రోజూ లేజర్ల దగ్గర పనిచేస్తే కళ్లు దెబ్బతినవా? అందరిలా సాఫ్ట్‌వేర్‌కు వెళ్లమంటే వినడం లేదు.
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ బెంగ తీసిపారేసేది కాదండీ. లైడార్ తయారుచేసేవాళ్లు రోజూ కుస్తీ పట్టేది దాంతోనే. ముందు దాని సంగతి చూద్దాం, ఉద్యోగాల మాట తర్వాత.

గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 33 మీటర్లు దాటేస్తుంది. ఎదురుగా ఉన్నది ఏమిటో పోల్చుకోవడానికి ఒక సెకను, ఓ మోస్తరుగా బ్రేకు వేసి ఆగడానికి 110 మీటర్లు అనుకున్నా మొత్తం 145 మీటర్ల దాకా అవుతుంది. వాన పడితే ఇంకా ఎక్కువ. అందుకే 200 మీటర్ల అవతల నల్ల చొక్కా వేసుకున్న మనిషి కూడా సెన్సర్‌కు ఆనాలని కార్ల కంపెనీలు పట్టుబడతాయి. లైడార్ లేజర్ వెలుగు పంపి, ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చే వెలుగుతో దూరం కొలుస్తుంది. ఆ తిరిగొచ్చే వెలుగేమో దూరంతో పాటు గబగబా తగ్గిపోతుంది. దూరం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల వెలుగు పంపాలి. ఆ వెలుగు సిగ్నల్ దగ్గర కారు ముందు నిలబడిన పిల్లాడి కంట్లోకీ వెళ్తుంది. పేచీ అంతా అక్కడే.

ఎక్కువ కంపెనీలు వాడేది 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్. అది మనకు కనపడదు, కానీ కంట్లోని లెన్సు దాన్ని మామూలు వెలుగులాగే రెటీనా (కంటి వెనక తెర) మీద ఒక్క చుక్కగా కూడగడుతుంది. తీవ్రత లక్ష రెట్ల దాకా పెరుగుతుంది. కనిపించే లేజరైతే పావు సెకనులో రెప్ప వాలి కాపాడుతుంది. దీనికి ఆ రెప్ప కూడా వాలదు. అందుకే ఐఈసీ 60825-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. రోడ్డు మీదికి వచ్చే లైడార్ అందులో క్లాస్ 1 (మామూలు వాడకంలో కంటికి హాని చేయని తరగతి) హద్దు దాటకూడదు. చీకట్లో విచ్చుకున్న 7 మిల్లీమీటర్ల కంటిపాపలోకి ఎంత శక్తి చొరబడుతుందో లెక్కగట్టి ఆ హద్దు గీస్తారు.

ఆ హద్దులోనే ఉంటూ దూరం పెంచడంలో ఉంది ఇంజినీరు పనితనం. కిరణాన్ని బయటికొచ్చే చోటే వెడల్పు చేస్తే కంటిపాపలోకి కొంతే వెళ్తుంది. పల్స్‌ను, అంటే ఒక్కో వెలుగు మెరుపును, కొద్ది నానోసెకన్లకు కుదిస్తారు. ఒక్కో ఫోటాన్‌ను (వెలుగు కణాన్ని) పట్టగల డిటెక్టర్లు వాడతారు. కిరణం ఒకేచోట నిలవకుండా అద్దంతో తిప్పుతారు. మరి ఆ అద్దం మొరాయించి ఆగిపోతే? శక్తంతా ఒకే కంటి మీద పడకముందే లేజర్ తనంతట తాను ఆరిపోవాలి. ఈ ఒక్క ప్రశ్న మీద నెలల తరబడి పనిచేసే బృందాలుంటాయి.

రెండో దారి 1550 నానోమీటర్లు. ఈ వెలుగును కంటి ముందు భాగంలోని నీరే పీల్చేసుకుంటుంది, రెటీనా దాకా చేరనివ్వదు. అందుకే చాలా ఎక్కువ శక్తి వాడే వీలుంది. అలాగని హద్దు లేదనుకోకండి, మోతాదు మించితే కార్నియా (కంటి ముందు పొర) కాలుతుంది. పైగా సిలికాన్ డిటెక్టర్లకు ఈ వెలుగు ఆనదు, ఇండియం గాలియం ఆర్సెనైడ్ కావాలి, దాని ఖరీదు ఎక్కువ. 2019లో లాస్ వేగాస్ సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఒకాయన అలాంటి లైడార్ పెట్టిన కారును ఫొటో తీస్తే, ఆయన కొత్త కెమెరా సెన్సర్ మీద చుక్కలు పడ్డాయి. కళ్లకు భద్రమే, కెమెరాకు కాదు. కెమెరాలో నీళ్లుండవు కదా!

ఇక మీ అమ్మాయి కళ్ల మాట. పూర్తయిన క్లాస్ 1 పరికరంతో పనికి బెంగ అక్కర్లేదు. పరికరం విప్పి లోపలి లేజర్‌ను నేరుగా వెలిగించే ల్యాబ్‌లోనే జాగ్రత్త. అక్కడ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లజోడే పెట్టుకోవాలి, ఏదో ఒకటి కాదు. ఇంట్లో మాత్రం ఆన్‌లైన్‌లో దొరికే ఊరూపేరూ లేని లేజర్ డయోడ్లు వద్దని గట్టిగా చెప్పండి. ఈ విషయంలో నేను మీ వైపే.

ఉద్యోగాల దగ్గర దాపరికం లేకుండా చెబుతాను. లైడార్ కంపెనీల జాతకాలు నిలకడగా లేవు. క్వానర్జీ 2022లో దివాలా తీసింది. ఈ రంగానికి దారి చూపిన వెలొడైన్ 2023లో ఔస్టర్‌లో కలిసిపోయింది. మన దేశంలో లేజర్ హార్డ్‌వేర్ ఉద్యోగాలు తక్కువ, లైడార్ డేటాను చదివే సాఫ్ట్‌వేర్‌లో, టెస్టింగ్‌లో ఎక్కువ. కాబట్టి "లైడార్" అన్న పేరు పట్టుకుని వేలాడొద్దు. ఆప్టిక్స్, డిటెక్టర్లు, లేజర్ భద్రత లెక్కలు చేతికొస్తే వైద్య పరికరాలు, రక్షణ, అంతరిక్షం ఎటైనా వెళ్లొచ్చు. పైథాన్, సీ++ తప్పనిసరి. మీరన్న సాఫ్ట్‌వేర్ అలా సగం వచ్చేసినట్టే.

గేట్ రాస్తే ఐఐటీ ఢిల్లీలో ఆప్టోఎలక్ట్రానిక్స్ ఎంటెక్ ఉంది. విదేశాలంటే జర్మనీలో యెనా, అమెరికాలో అరిజోనా, రోచెస్టర్ ఆప్టిక్స్‌కు పేరున్నవి. డ్రైవర్ లేని వాహనాల పరీక్షలకు ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్ కేంద్రం ఉంది, ఇంటర్న్‌షిప్‌కు అడిగి చూడమనండి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల (ఎన్ఏఆర్ఎల్)లో వాతావరణాన్ని కొలిచే లైడార్ ఏళ్లుగా నడుస్తోంది. కారుది కాకపోయినా సూత్రం ఒకటే. చదువు అప్పు నెత్తిన ఉంటే మాత్రం క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వదలొద్దు, ఎంటెక్ రెండేళ్లు ఆగుతుంది.

ప్రాజెక్టుకు ఖరీదైన సెన్సర్ కొననక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఒకవైపు దూరం లెక్క, ఇంకోవైపు క్లాస్ 1 హద్దు. పల్స్ వెడల్పు, కిరణం వెడల్పు మార్చితే రెండూ ఎలా కదులుతాయో చూపించాలి. 905కి ఒకటి, 1550కి ఒకటి. అద్దం ఆగిపోతే ఏమవుతుందో దానికీ ఒక వరుస పెట్టమనండి.