కావలిలో 200 గజాల స్థలం: డూప్లెక్సా, ముందు కింది అంతస్తేనా?

ప్రశ్న: మాది కావలి. నేను నెల్లూరులో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాను. నా భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. నాకు 55 వేలు, ఆమెకు 50 వేలు, మొత్తం నెలకు 1,05,000 చేతికొస్తుంది. బాబుకు 10 ఏళ్లు, పాపకు 6. అమ్మకు 68 ఏళ్లు, మాతోనే ఉంటుంది. ప్రస్తుతం 11 వేల అద్దె ఇంట్లో ఉన్నాం. తూర్పు ముఖం స్థలం ఉంది, 40×45 అడుగులు. అప్పులు లేవు. ఎఫ్‌డీల్లో 14 లక్షలు, ఇంట్లో 25 సవర్ల బంగారం ఉన్నాయి. ఇంజినీరు 2,500 చదరపు అడుగుల డూప్లెక్స్ ప్లాన్ గీశారు. డబుల్ హైట్ హాలు (మధ్యలో స్లాబు లేకుండా రెండంతస్తుల ఎత్తున ఉండేది), నాలుగు బెడ్‌రూములు, నాలుగు బాత్‌రూములు, పైన హోమ్ థియేటర్. మెటీరియల్‌తో కలిపి అడుగు 2,300కి కాంట్రాక్టరు ఒప్పుకున్నారు. బ్యాంకు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల మీద 45 లక్షలు ఇస్తామంటోంది. ఇల్లు ఒక్కసారే కదా కట్టుకునేది అని మా ఆశ. మా బావమరిది మాత్రం పై అంతస్తు వేరే వాటాగా కడితే 9 వేల అద్దె వస్తుంది, ఈఎంఐకి సాయంగా ఉంటుంది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, స్థలం కొలత అంకణాల్లో కాకుండా అడుగుల్లో రాసినందుకు థాంక్స్. మన జిల్లాల్లో అంకణం అంటే ఎన్ని అడుగులో ఊరికొక లెక్క చెబుతారు, ఉత్తరం చదివేవాళ్లకు అక్కడే సగం తలనొప్పి.

మీ ప్లాన్ డ్రాయింగ్ చూశాను. బాగా గీశారు. కానీ అది మీ ఇంజినీరు మీ స్థలాన్ని చూసి గీసిన ప్లాన్, మీ జీతాలను చూసి గీసింది కాదు. ఆ రెండో పని మనం చేద్దాం.

2,500 అడుగులు, అడుగు 2,300 చొప్పున 57.5 లక్షలు. బ్యాంకు ఇచ్చే 45, మీ 14 కలిపితే 59 లక్షలు. సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే కాంట్రాక్టరు ఇచ్చిన కాగితంలో ప్రహరీ, గేటు, బోరు, సంపు, కరెంటు మీటరు, ప్లాన్ అనుమతి ఫీజులు, వంటింటి కప్‌బోర్డులు, వార్డ్‌రోబ్‌లు లేవు. వీటికి ఎంత పొదుపుగా పోయినా 8 లక్షలు పక్కన పెట్టాలి. అంటే కావలసింది 65.5 లక్షలు, ఉన్నది 59. ఆరున్నర లక్షలు తక్కువ. అది కూడా ఎఫ్‌డీల్లో ఒక్క రూపాయి మిగల్చకుండా ఊడ్చేస్తే. చాలా ఇళ్లు ప్లాస్టరింగ్ దగ్గర ఆగిపోయేది ఇక్కడే. చివరి ఆరు లక్షల కోసం పర్సనల్ లోనో, చీటీ పాటో, బంగారం కుదువో మొదలవుతుంది.

ఈఎంఐ సంగతి. 45 లక్షలకు నెలకు 39,052. ఇద్దరి జీతాలూ వస్తున్నంత కాలం కట్టగలరు, కష్టంగానైనా. మీది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఇంకో లెక్క కూడా వేయాలి. ఒక ఆరు నెలలు మీ జీతం ఆగిందనుకోండి. మీ భార్య జీతంలో ఈఎంఐ పోగా మిగిలేది 11 వేలు. అయిదుగురు మనుషులు, ఇద్దరు పిల్లల ఫీజులు, అమ్మగారి మందులు అందులోనే వెళ్లాలి. అదే అప్పు 30 లక్షలైతే ఈఎంఐ 26,035. అప్పుడు 24 వేలు మిగులుతాయి. ఇరుకే, కానీ ఇల్లు నడుస్తుంది. నా దృష్టిలో మీ ఇంటికి హద్దు 30 లక్షల అప్పే. బ్యాంకు ఎంత ఇస్తుందన్నది బ్యాంకు లెక్క, అందులో మీ అమ్మగారి మందులు ఉండవు.

ప్లాన్ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఇంకొక విషయం గుర్తుంచుకోండి. 8.5 శాతానికి 20 ఏళ్లు తీసుకుంటే ఒక్కో లక్షకు మీరు తిరిగి కట్టేది సుమారు 2.08 లక్షలు. అంటే అప్పుతో కట్టే ప్రతి 100 అడుగులకు ఇవాళ 2.3 లక్షలు, చివరికి 4.8 లక్షలు. మీ 14×12 హోమ్ థియేటర్ ఇవాళ 3.86 లక్షలు, అప్పు తీరేసరికి 8 లక్షలు. అందులో సోఫాలు, ప్రొజెక్టరు కలపలేదు. పిల్లలు ఫోన్‌లో సినిమా చూసే కాలంలో ఆ గది ఎన్ని నెలలకు పాత సామాన్ల గది అవుతుందో మీరే ఊహించుకోండి.

డబుల్ హైట్ హాలు గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. మన వైపు మే నెలలో, రోహిణి కార్తెలో, ఆ ఎత్తున్న హాలును ఏసీతో చల్లబరచాలంటే కరెంటు బిల్లు చూసి మీరే ఆపేస్తారు. బల్బు మార్చాలన్నా, రంగు వేయాలన్నా పరంజా కట్టాలి. పైగా స్లాబు లేని ఆ ఖాళీకి కూడా కాంట్రాక్టరు అడుగు రేటు వేస్తున్నారేమో అడిగి చూడండి. పోర్టికో, బాల్కనీ, మెట్ల గది పూర్తి రేటా, సగం రేటా అన్నదీ ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి.

ఇక బావమరిది గారి మాట. పై అంతస్తు 1,200 అడుగులకు 27.6 లక్షలు అవుతుంది. నెలకు 9 వేల అద్దె అంటే ఏడాదికి 1.08 లక్షలు, పెట్టిన డబ్బు మీద 4 శాతం కూడా కాదు. మరమ్మతులు, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. 8.5 శాతానికి తెచ్చి 4 శాతానికి తిప్పడం అది. ఆ 27.6 లక్షల మీద ఈఎంఐ దాదాపు 24 వేలు, అద్దె 9 వేలు, మిగతా 15 వేలు ప్రతి నెలా మీ జేబులోంచే. అద్దె కోసం కట్టడం తప్పు కాదు. అప్పు తీరాక, లేదా సొంత డబ్బుతో అయితే నేనే కట్టమంటాను.

పన్ను మిగులుతుంది కదా అని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు లేదు. మీ ఇద్దరి జీతాలూ విడివిడిగా 12.75 లక్షల లోపే కాబట్టి ఆ విధానంలో మీకు పన్నే పడదు. లేని పన్నును మిగుల్చుకోవడానికి పెద్ద అప్పు చేయక్కర్లేదు.

కాబట్టి నా సలహా: కింది అంతస్తు 1,200 అడుగులు మాత్రం ఇప్పుడు పూర్తిగా కట్టండి. పునాదులు, పిల్లర్లు రెండు అంతస్తులకు సరిపడా వేయండి. మెట్ల గదితో కలిపి 1,300 అడుగులకు 29.9 లక్షలు. ఒక్క అంతస్తే అయితే పునాది ఖర్చంతా దాని మీదే పడుతుంది, అడుగు రేటు కొంచెం పెంచమంటారు, దానికి 2 లక్షలు. పైన చెప్పిన 8 లక్షలు. మొత్తం 40 లక్షలు. అప్పు 30, మీ డబ్బు 10. మిగిలిన 4 లక్షల ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, అది మీ ఉద్యోగానికి కాపలా.

ఆ 1,200 అడుగుల్లో మూడు బెడ్‌రూములు పడతాయి. నాలుగు బాత్‌రూముల బదులు రెండు చాలు, అవి పక్కపక్కనే గోడ పంచుకునేలా పెట్టించండి. ఇంట్లో అడుగుకు ఎక్కువ డబ్బు తినేది బాత్‌రూమే: టైల్స్, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, ఫిట్టింగులు అన్నీ అక్కడే. ఒకటి అమ్మగారి గదికి అటాచ్‌గా ఉండాలి. డూప్లెక్స్ ప్లాన్‌లో ఆమెకు ఇచ్చిన కింది గదికి బాత్‌రూము హాలు దాటి ఉంది, రాత్రిపూట లేచే మనిషికి అది సరిపడదు. ఆ గది తలుపు, బాత్‌రూము తలుపు మూడడుగుల వెడల్పు పెట్టించండి, గడప వద్దు, వెస్ట్రన్ కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. ఇప్పుడు ఖర్చు నామమాత్రం. తర్వాత గోడలు పగలగొట్టి చేయాలంటే టైల్స్‌తో సహా మళ్లీ కట్టుకోవాలి.

బాబుకూ పాపకూ ఇంకో ఆరేడేళ్లు ఒకే గది చాలు. బాబు ఇంటర్‌కు వచ్చేసరికి అప్పు కొంత తగ్గి ఉంటుంది, జీతాలు పెరిగి ఉంటాయి. అప్పుడు పైన ఒక గది వేసుకోవచ్చు. దీనికోసం మెట్లు ఎక్కడ పెడతారన్నదే ఈ ప్లాన్‌లో అన్నిటికన్నా ముఖ్యం. హాలు మధ్యలోంచి పైకి వెళ్లే మెట్లు ఫొటోల్లో బాగుంటాయి, కానీ పై అంతస్తును ఎప్పటికీ విడిగా అద్దెకు ఇవ్వలేరు. ఈశాన్యం వదిలి, పోర్టికో వైపు నుంచి బయటే ఎక్కేలా పెట్టించండి. రేపు అది మీ పిల్లల గదో, అద్దె వాటానో మీ ఇష్టం. పైకి వదిలే పిల్లర్ చువ్వలు మన సముద్రపు గాలికి త్వరగా తుప్పు పడతాయి. పల్చటి సిమెంటు కాంక్రీటుతో వాటిని కప్పించమని మేస్త్రికి ముందే చెప్పండి.

మీది తూర్పు ముఖం, మంచిదే. మధ్యాహ్నం తర్వాత వచ్చే సముద్రపు గాలి ఆ వైపు నుంచే. హాలుకూ అమ్మగారి గదికీ అటు పెద్ద కిటికీలు పెట్టి, సాయంత్రం ఎండ కొట్టే పడమటి గోడకు బాత్‌రూములు, వార్డ్‌రోబ్‌లు వచ్చేలా చూడండి. వంటింటి వెనక నాలుగడుగుల వాష్ ఏరియా తప్పనిసరి. దాన్ని మరిచిపోయిన ఇళ్లలో వాషింగ్ మెషీన్ చివరికి రేకుల షెడ్డు కిందికి చేరుతుంది. పూజకు విడిగా గది వద్దంటాను, ఈశాన్యంలో మంచి అల్మరా చాలు. కానీ ఇది అమ్మగారు తేల్చాల్సిన విషయం, నేను తగ్గుతాను.

మిద్దె మీద దక్షిణం వైపు ఖాళీగా ఉంచండి. ఇళ్ల మీద సోలార్ పెట్టుకునేందుకు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. ట్యాంకు నైరుతిలో పెట్టడం మన అలవాటు కదా, మధ్యాహ్నం దాటాక దాని నీడ ప్యానెళ్ల మీద పడకుండా చూసుకోవాలి, అంతే.

సంతకం పెట్టే ముందు ఒక పని చేయండి. స్థలంలో ముగ్గు పోయించి గదులన్నీ నిజం సైజులో గీయించండి. మంచం ఉండే చోట దుప్పటి పరవండి, డైనింగ్ టేబుల్ చోట నాలుగు కుర్చీలు వేయండి. మీ భార్యనూ అమ్మగారినీ అందులో నడవమనండి. ముగ్గు చెరపడం ఉచితం. గోడ లేచాక తలుపు రెండడుగులు జరపాలంటే కూలి, ఇటుక, సిమెంటు, ఒక వారం పోతాయి. చాలా ఇళ్లలో బడ్జెట్ దాటేది ఇలాంటి మార్పుల వల్లే, సిమెంటు రేటు వల్ల కాదు. సిమెంటు మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం, తవ్వి ఎత్తే ఖర్చు, రవాణా మాత్రం మీవే. కాంట్రాక్టరు చెప్పిన 2,300 ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకున్నదేనా అని తప్పకుండా అడగండి.

పని మాఘంలో మొదలుపెడితే మేలు. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆలోగా స్లాబు పడిపోవాలి. ఆలస్యమైన ప్రతి నెలా 11 వేల అద్దె, దాని పక్కనే బ్యాంకు వడ్డీ నడుస్తుంటాయి. అప్పు ఒకేసారి తీసుకోకండి. పని సాగినకొద్దీ బ్యాంకు దశలవారీగా ఇస్తుంది, ఇచ్చినంత వరకే వడ్డీ. ముందు మీ 10 లక్షలు ఖర్చు పెట్టి తర్వాత బ్యాంకు డబ్బు ముట్టుకోండి. మంజూరైన ప్లాన్‌కు భిన్నంగా కడితే తర్వాతి విడత ఆగిపోవచ్చు, కాబట్టి అనుమతికి ఇచ్చే ప్లాన్, కట్టే ప్లాన్ ఒకటే అయి ఉండాలి.

లోను కాగితాల మధ్యలో ఒకేసారి ప్రీమియం కట్టే ఇన్సూరెన్సు పెట్టి, దాన్నీ అప్పులో కలిపేస్తామంటారు. తప్పనిసరి కాదు. మీరిద్దరూ విడిగా టర్మ్ పాలసీలు (మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) తీసుకోండి. ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ) గృహరుణాన్ని ముందుగా కడితే పెనాల్టీ ఉండదు. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టగలిగితే 20 ఏళ్ల అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది.

45 లక్షల అప్పుకూ 30 లక్షల అప్పుకూ ఈఎంఐలో తేడా నెలకు 13 వేలు. దాన్ని మొదటి నెల నుంచే పిల్లల పేర పక్కకు తీయండి. ఎనిమిదేళ్లలో బాబు డిగ్రీకి వచ్చేసరికి, రాబడి సున్నా అనుకున్నా, 12 లక్షలు దాటుతుంది. పాపకు సుకన్య సమృద్ధి ఖాతా లేకపోతే పదేళ్లు నిండకముందే తెరవండి, తర్వాత తెరవనివ్వరు.

25 సవర్ల బంగారం గురించి మీరు అడగలేదు గానీ, ఉత్తరంలో రాశారంటే మనసులో ఉన్నట్టే. అమ్మొద్దు, కప్‌బోర్డుల కోసం కుదువ పెట్టొద్దు. డబ్బు చాలకపోతే కప్‌బోర్డులే ఒక ఏడాది ఆపండి. గృహప్రవేశానికి వచ్చే చుట్టాలు వార్డ్‌రోబ్ తలుపులు తీసి చూడరు.