అల్యూమినియం పడవకు పట్టిన తెల్లపొడి గురించి అల్లుడికి లేఖ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

భీమిలి నుంచి నీవు పంపిన ఫొటోలు చూశాను. పడవ అడుగున బఠాణీ గింజలంత పొక్కులు లేచాయనీ, గోకితే తెల్లపొడి రాలి కింద గుంట కనిపిస్తోందనీ, ఎపాక్సీ లప్పం పెట్టించేయమని అందరూ చెబుతున్నారనీ రాశావు. లప్పం ఒక పూట పని. గుంట ఎందుకు పడిందో తేల్చకుండా పెడితే మాత్రం, దాని పక్కనే మరో గుంట పడుతుంది.

గాలి తగలగానే అల్యూమినియం మీద కంటికి కనిపించని పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. ఉప్పునీటిలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదించినా, నీరు ధారాళంగా కదిలే చోట అది మళ్లీ కట్టుకుంటుంది. తడి ఇసుక, తివాచీ, ప్లైవుడ్ అంటుకుని గాలి ఆడని చోట కట్టుకోలేదు. అందువల్ల ఎండకూ అలలకూ ఎదురుగా ఉన్న రేకు చెక్కుచెదరకుండా ఉండి, సీటు కింది రేకు మాత్రం లోపలి నుంచి చిల్లు పడుతుంది. ముందు తివాచీ, పలకలు ఊడదీసి లోపలి వైపు చూడు. రాగి మందు పట్టించిన కలపను మళ్లీ వేయవద్దు.

తరువాత ఇతర లోహాల సంగతి చూడు. రాగి, ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పునీటిలో అల్యూమినియాన్ని తాకితే వాటి మధ్య కరెంటు నడిచి అల్యూమినియమే కరుగుతుంది. నా చేతి తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి వైరింగు ముగించి అడుగు ఊడ్చకుండా వదిలేశాను. అక్కడ పడిన జానెడు రాగి తీగ, పడవను మళ్లీ గట్టెక్కించేసరికి, తన ఆకారంలోనే రేకును తినేసి ఉంది. స్టీలు బోల్టు తప్పదనుకున్న చోట నైలాన్ గొట్టం, నైలాన్ వాషరు వేసి బిగించు. రాగి కలిసిన నాచు నిరోధక రంగును అడుగుకు వేయనీయకు. బ్యాటరీ నెగెటివ్ తీగను పడవ రేకుకు కలపకుండా, రెండు తీగలనూ బ్యాటరీ దాకా విడిగా నడిపించు. రేకు మీద పెన్సిల్‌తో గీతలు గీయడం కూడా మంచిది కాదు, అందులోని గ్రాఫైట్‌ సైతం ఇదే పని చేస్తుంది.

ఇక మరమ్మతు. ఇనుము మీద వాడని స్టెయిన్‌లెస్ బ్రష్షుతో మెరిసే లోహం వచ్చేవరకు రుద్ది, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి లోతు కొలువు. గుంట రేకు మందంలో మూడో వంతు దాటకపోతే నేను లప్పంతో సరిపెడతాను. దాటితే ఆ ముక్క కోసి, అదే మిశ్రమం రేకుతో ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తాను. రేకు 5083 రకం అల్యూమినియం మిశ్రమమైతే, అతుకులో కరిగించే ఫిల్లర్ తీగ 5183 రకానిది అడుగు. అతుకు పక్క రేకు వేడికి కొంత మెత్తబడుతుంది కాబట్టి చిన్న చిన్న అతుకులు వరుసగా వేయించకు. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు దించి, బ్యాటరీ తీగలు విప్పు. రుద్దిన లోహం మీద పొర మళ్లీ కట్టుకుంటూ రంగు పట్టును తగ్గిస్తుంది గనుక అదే పూట ఎపాక్సీ ప్రైమర్ వేయాలి, మర్నాటికి వదలరాదు.

బలి ఇచ్చే ఆనోడ్ల (పడవ రేకుకు బదులు తాము కరిగిపోయేలా బిగించే లోహపు దిమ్మల) విషయంలో నీ చోటును బట్టి ఆలోచించు. మీ భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వానాకాలంలో ఉప్పు బాగా తగ్గుతుంది. అలాంటి నీటిలో జింకు దిమ్మ మీద పొర కట్టి పని మానేస్తుంది. నీకు అల్యూమినియం ఆనోడ్లే తగినవి. మెగ్నీషియం ఉప్పునీటిలో అతిగా పనిచేసి రంగును లేపి రేకునే చెరుపుతుంది. ఆనోడ్ మీద రంగు పడనీయకు, సగం కరిగితే మార్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే 61 రోజులే ఈ పనికి అనువైన కాలం. ఈలోగా తివాచీ కింది రేకు ఫొటోలు, గుంటల లోతు మిల్లీమీటర్లలో రాసి పంపు. వాటిని చూసి, ఏ ముక్క కోయాలో ఏది ఉంచాలో చెబుతాను.

నీ మేనమామ
విశాఖపట్నం